ఆఖరికి ఏ ఇంటికి?

ఈ టపా రాయాలా వద్దా అని చాలాకాలం తటపటాయించాను. ఇంటి సంగతులు నలుగురి ముందు పెట్టడం నాకు అలవాటు లేదు. పైగా చావు గురించి రాస్తే చదివేవారు ఏమనుకుంటారో అన్న జంకు ఒకటి. అయినా రాస్తున్నాను. ఒక ఆసుపత్రి కాగితం మీద నేను పెట్టిన సంతకం నన్నింకా వదలలేదు, అదీ కారణం.

మాది బెల్లంపల్లి. 1920ల చివర్లో బొగ్గు తవ్వకం మొదలైనప్పటి నుంచి బావుల మీద బతికిన ఊరు. మావైపు బావిని 'బాయి' అంటారు. మా చిన్నాయన బాయిపనికి వెళ్ళేవాడు. ఆయనకు ఒక్కడే కొడుకు, నాకు తమ్ముడి వరుస. పేరు రాయను, తమ్ముడనే అంటాను. వాడు డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు. ఆ మాట అప్పట్లో మా వాడకట్టులో ఎవరికీ తెలియదు. 'అమాయకుడు' అనేవారు, అంతే. మాటలు చాలా తక్కువ. కానీ మొదటి షిఫ్టు వదిలే వేళకు, అంటే మధ్యాహ్నం మూడింటికల్లా, క్వార్టరు గుమ్మం ముందు నిలబడేవాడు. చిన్నాయన రాగానే చేతిలోని టిఫిను డబ్బా అందుకుని లోపలికి తీసుకువెళ్ళి చిన్నమ్మకు ఇచ్చేవాడు. ఆ ఇంట్లో అది వాడి ఉద్యోగం. చిన్నాయన నాగా పెట్టిన రోజులున్నాయేమో గాని, వాడు మాత్రం ఒక్కనాడూ నాగా పెట్టలేదు.

చిన్నాయన పని నుంచి దిగిపోయాక కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి అద్దె ఇంటికి మారారు. కొన్నాళ్ళకు చిన్నమ్మ పోయింది. ఆమె వెనుకే రెండేళ్ళకు చిన్నాయన. ముప్పై దాటిన తమ్ముణ్ణి ఎవరు చూసుకోవాలన్న ప్రశ్నకు మా బంధువులెవరమూ సూటిగా జవాబు చెప్పలేదు, నాతో సహా. చివరికి అందరం కూడబలుక్కుని వేరే పట్టణంలో వికలాంగులకోసం నడిచే ఒక వసతిగృహంలో చేర్చాం. చెడ్డ చోటు కాదు. వేళకు తిండి, శుభ్రమైన పక్క, తోటివారు. అక్కడ పనిచేసే ఒకామెను అందరూ 'అక్క' అనేవారు.

అక్కడ కూడా వాడు మూడు కొట్టగానే గేటు దగ్గరికి వెళ్ళి నిలబడేవాడట. మొదట్లో లోపలికి లాక్కువెళ్ళబోతే పెద్ద గొడవ. నేను చూడబోయినప్పుడు మాటల్లో ఈ డబ్బా సంగతి చెప్పాను. మరునాటినుంచి అక్క ఒక ఖాళీ డబ్బా పట్టుకుని మూడింటికి గేటు దగ్గరికి వచ్చేది. వాడు అందుకుని వంటింట్లో పెట్టి, వచ్చి తన చోట కూర్చునేవాడు. ఆ ఏర్పాటు పదకొండేళ్ళు సాగింది. ఇంకొక సంగతి కూడా ఆమెకే తెలుసు. వాడు నొప్పి వస్తే ఏడ్చేవాడు కాడు. ఒంట్లో ఎక్కడ నొప్పి పుట్టినా కుడిచెవి పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊగేవాడు.

నలభై దాటాక వాడిలో మార్పు వచ్చింది. దారి మరచిపోవడం, రాత్రుళ్ళు లేచి తిరగడం, ఆ తరువాత మింగడం కష్టమవడం. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో ఇరవైఒకటవ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటాయి. ఆల్జీమర్స్ జబ్బులో మెదడులో పేరుకునే పదార్థానికి మూలమైన జన్యువు ఉండేది కూడా ఆ క్రోమోజోము మీదే. అందుకే మనలో డెబ్భైల్లో కనబడే మతిమరుపు వీరికి నలభైల్లో, యాభైల్లోనే రావడం ఎక్కువ. ఇదంతా నేను తరువాత చదివి తెలుసుకున్నది. అప్పట్లో మాకు తెలిసిందల్లా అన్నం పొలమారుతోందనే. ఒకరోజు జ్వరం, ఆయాసం. వసతిగృహం వారు భయపడి నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రికి తరలించారు.

అక్కడ వాడు తొమ్మిది రోజులున్నాడు. ముక్కులోంచి గొట్టం వేశారు. వాడు దాన్ని లాగేసుకుంటున్నాడనీ, మధ్యాహ్నంపూట మరీ అల్లరి చేసి మంచం దిగబోతున్నాడనీ చేతులు మంచానికి కట్టారు. అక్క వచ్చింది. కానీ ఐ.సి.యు.లోకి రక్తసంబంధీకులనే పంపుతామన్నారు. ఏడాదికి రెండుసార్లు చూసిపోయే నేను రక్తసంబంధీకుణ్ణి. పదకొండేళ్ళు అన్నం తినిపించిన మనిషి బయట బెంచీమీద కూర్చుంది. "మూడు కొట్టంగనే లేస్తడన్నా. డబ్బ చేతికియ్యుండ్రి, ఊకుంటడు" అని నాతో చెప్పి పంపింది. నేను లోపలికి వెళ్ళి ఆ మాట చెప్పలేకపోయాను. అంత యంత్రసామగ్రి మధ్య ఖాళీ టిఫిను డబ్బా సంగతి ఎత్తడానికి సిగ్గుపడ్డాను. ఇచ్చిన కాగితాల మీద సంతకం పెట్టాను. గొట్టానికీ, చేతులు కట్టడానికీ సమ్మతి అందులోనే ఉంది. ఆ చేతులే కట్టి ఉన్నాయి కనుక వాడు చెవి పట్టుకోవడానికి కూడా వీలు లేకపోయింది. నొప్పి ఉందో లేదో ఎవరికీ తెలియలేదు.

పోయాక ఇంకొక చిక్కు వచ్చింది. మిగిలినవారు బెదిరిపోతారు, నేరుగా శ్మశానానికి తీసుకువెళ్ళండని వసతిగృహం వారన్నారు. నేనుండేది అద్దె ఇల్లు. అద్దె ఇంటికి శవాన్ని తేనివ్వని పట్టింపు తెలంగాణ పట్టణాల్లో ఎంత బలంగా ఉందో మీలో చాలామందికి తెలుసు. కిరాయిదారు కన్నుమూస్తే రోడ్డుపక్కన షామియానా వేసుకుని ఏడ్చిన కుటుంబాలను మనం చూశాం. మా ఇంటాయన కూడా వద్దన్నాడు. అలా తమ్ముడు ఆసుపత్రి నుంచి ఏ గడపా తొక్కకుండానే వెళ్ళిపోయాడు.

డాక్టర్లది తప్పని నేననడం లేదు. వారికి తెలిసిన పని వారు చేశారు. వసతిగృహం వారు కూడా దుర్మార్గులు కారు. ఆ రోజు నుంచి నన్ను తొలుస్తున్నది ఒక్కటే ప్రశ్న. పదకొండేళ్ళు వాడున్న ఆ చోటు వాడి ఇల్లా, లేక అద్దె ఇల్లా? బతికినన్నాళ్ళూ 'ఇది మీ ఇల్లే' అంటాం. వసతిగృహాల బోర్డుల మీద కూడా ఆ మాటే రాసి ఉంటుంది. ప్రాణం పోయే వేళ వచ్చేసరికి మాత్రం అద్దె ఇంటి యజమానిలా ప్రవర్తిస్తాం. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వికలాంగులు ఏళ్ళ తరబడి నివసించే వసతిగృహమే వారి ఇల్లు. ఇక నయంకాని జబ్బు వచ్చినప్పుడు, అక్కడే ఉండి వెళ్ళిపోయే హక్కు వారికి ఉండాలి. మనిషిని వైద్యం దగ్గరికి మోసుకుపోవడం కాదు, వైద్యాన్ని ఆ గడపకు రప్పించాలి. అక్కడ వారిని ఎరిగిన మనిషి మాటకు విలువ ఉండాలి.

ఇందులో కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. మన సుప్రీంకోర్టు ఒకసారి ఇటువంటి మాటే చెప్పింది. బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ మీద 1973 నవంబరులో అత్యాచారం జరిగి ఆమె మెదడు దెబ్బతిన్నది. 2015 మేలో కన్నుమూసే వరకు, అంటే దాదాపు 42 ఏళ్ళు, ఆ ఆసుపత్రి నర్సులే ఆమెను చూసుకున్నారు. ఆమెకు జీవం నిలిపే ఆహారం ఆపడానికి అనుమతించాలని ఒక రచయిత్రి వేసిన దావా మీద 2011 మార్చి 7న తీర్పు వచ్చింది. కారుణ్య మరణం గురించిన తీర్పుగానే దాన్ని అందరం గుర్తుపెట్టుకున్నాం. నాకు అందులో ముఖ్యమైన మాట వేరొకటి. ఆమె తరఫున మాట్లాడే అర్హత దావా వేసినవారిది కాదు, ఇన్నేళ్ళూ సేవ చేసిన ఆసుపత్రి సిబ్బందిదే అని న్యాయస్థానం తేల్చింది. రక్తసంబంధం కంటే రోజూ అన్నం పెట్టిన చెయ్యి దగ్గరిదని ఒప్పుకున్నట్టే కదా! ఆ లెక్కన ఐ.సి.యు. తలుపు తెరవవలసింది నాకు కాదు, అక్కకు.

మన హైదరాబాదులోనే జరిగిన మరొక సంగతి చెప్పాలి. కండరాలు క్రమంగా క్షీణించే డుషేన్ జబ్బుతో బాధపడిన చదరంగం ఆటగాడు కె. వెంకటేశ్, తాను బతికుండగానే తన అవయవాలు ఇతరులకు ఇవ్వాలని కోరుకున్నాడు. తల్లి సుజాత ఆ కోరికను మోసుకుని హైకోర్టుదాకా వెళ్ళారు. చట్టం ఒప్పుకోదని కోర్టు కాదన్నది. 2004 డిసెంబరులో అతడు మరణించాడు. ఆ కోరిక సరైనదా కాదా అన్న చర్చ వేరు. నేను గమనించమనేది మరొకటి. అతనికి తన కోరిక చెప్పుకునే తెలివి ఉంది, దాన్ని లోకానికి చేర్చే తల్లి ఉంది. కనీసం విచారణ జరిగింది. మాట రాని కొడుకులు, తల్లులు పోయిన కొడుకులు వసతిగృహాల్లో ఉన్నారు. వారి విషయంలో ప్రశ్న అడిగేవారు కూడా ఉండరు.

తరువాత చట్టం కొంత ముందుకు నడిచింది. గౌరవంగా మరణించడం జీవించే హక్కులో భాగమేనని 2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కోలుకోలేని స్థితిలో తనకు ఎటువంటి చికిత్స వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చని అన్నది. ఆ పద్ధతిలోని చిక్కులను 2023 జనవరిలో సడలించి, మేజిస్ట్రేటు బదులు నోటరీ ముందో గెజిటెడ్ అధికారి ముందో సంతకం చేస్తే చాలన్నది. కానీ అలా రాసుకోవడానికి మేజరై, మతిస్థిమితం ఉన్నవారై ఉండాలి. పుట్టుకతో మేధోవైకల్యం ఉన్నవారికి ఈ తలుపు చాలావరకు మూసే ఉంటుంది. రాసిపెట్టనివారి విషయంలో రెండు వైద్యుల బృందాలు చూసి, దగ్గరివారి సమ్మతితో నిర్ణయించాలి. ఆ 'దగ్గరివారు' ఎవరన్న ప్రశ్న మళ్ళీ మొదటికే వస్తుంది.

దీనికి దారి 1999 నేషనల్ ట్రస్టు చట్టంలో ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి సంరక్షకుణ్ణి నియమించే అధికారం స్థానిక కమిటీకి ఉంది. దానిలో జిల్లా కలెక్టరు, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగుడు సభ్యులు. తల్లిదండ్రులే కాదు, బంధువులు, రిజిస్టరైన సంస్థలు కూడా దరఖాస్తు పెట్టవచ్చు. చిన్నాయన పోయిన నాడే మేం ఆ పని చేసి ఉండవలసింది. ఆస్తి లేనివాడికి గార్డియను ఎందుకనుకున్నాం. ఆస్తి లేకపోయినా ఒళ్ళు ఉంది కదా, దానికి నొప్పి ఉంది కదా అన్న ఆలోచన మాకు తట్టలేదు.

వసతిగృహాలు నడిపేవారి భయాలు నాకు తెలియనివి కావు. మా దగ్గర ఎవరైనా పోతే పోలీసులు వస్తారు అన్నది మొదటిది. ఆత్మహత్య, హత్య, ప్రమాదం, అనుమానాస్పద మరణం అయితేనే పోలీసు విచారణ అవసరం. జబ్బుతో సహజంగా పోయినవారికి, చివరిదాకా చూసిన డాక్టరు కారణం రాసి ఇస్తే సరిపోతుంది. 1969 జనన మరణ నమోదు చట్టం చదివితే ఒక విశేషం కనిపిస్తుంది. సత్రం, హాస్టలు, ధర్మశాల వంటిచోట ఎవరైనా మరణిస్తే దాని బాధ్యుడే నమోదు అధికారికి తెలియజేయాలని అందులో ఉంది. అంటే అటువంటిచోట మనుషులు సహజంగా చనిపోతారని చట్టానికి ఏనాడో తెలుసు. మనమే ఒప్పుకోవడం లేదు.

చుట్టాలు నిందిస్తారన్నది రెండో భయం. 'ఆసుపత్రికి కూడా తీసుకుపోలేదు' అంటారని. ఆ నింద వేసేది నాబోటివాళ్ళమే. కనుక మాతో ముందే కూర్చుని మాట్లాడాలి, మాట్లాడినది కాగితం మీద పెట్టాలి.

మిగిలినవారు బెదిరిపోతారన్నది మూడోది. తమ్ముడు పోయిన సంగతి అక్కడివారికి చెప్పలేదు. ఊరికి వెళ్ళాడన్నారు. కొన్నాళ్ళకు నేను వెళితే అక్క చెప్పింది, తమ్ముడితో ఒకే గదిలో ఉన్న అతను జ్వరం మాత్ర వేసుకోవడానికి కూడా భయపడుతున్నాడని. ఆసుపత్రి బండి ఎక్కినవాడు తిరిగి రాడని అతనికి అర్థమైంది. మనం నిజం చెప్పకపోతే వారు తమకు తోచిన నిజం చేసుకుంటారు. అది ఎక్కువ భయంకరమైనది. మన ఇళ్ళలో పిల్లలు కూడా తాతగారి చివరిచూపు చూస్తారు, పూలు వేస్తారు, దినం నాడు భోంచేస్తారు. వీరికి మాత్రం ఆ పాటి దుఃఖం కూడా దక్కనివ్వం.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి. 'అక్కడే ప్రశాంతంగా పోనివ్వండి' అన్న నా మాటను 'వీళ్ళకు వైద్యం దండగ' అని అర్థం చేసుకునేవారుంటారు. ఆ ప్రమాదం చిన్నది కాదు. ఇంగ్లండులో 2013లో వెలువడిన ఒక విచారణ నివేదిక ప్రకారం, మేధోవైకల్యం ఉన్న పురుషులు ఇతరులకంటే సగటున 13 ఏళ్ళు, స్త్రీలు 20 ఏళ్ళు ముందే మరణిస్తున్నారు. చాలా మరణాలు సరైన వైద్యంతో తప్పేవే. 2020లో కోవిడ్ వేళ, అదే దేశంలో మేధోవైకల్యం ఉందన్న ఒక్క కారణంతో గుండె ఆగితే తిరిగి ప్రయత్నించవద్దని కొందరి కాగితాలమీద రాసేశారు. అలా చేయవద్దని అక్కడి ఆరోగ్యశాఖవారే హెచ్చరించవలసి వచ్చింది. మనవద్ద కాగితం మీద రాయరు, నోటితో అంటారు: "ఎన్నాళ్ళు బతికితే ఏముందిలెండి, పోతే వాడికే సుఖం." ఈ మాట నా చెవులతో విన్నాను.

కనుక మొదట వైద్యం జరగాలి. మతి తప్పుతున్నాడంటే అది ఆల్జీమర్సే కానక్కరలేదు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో థైరాయిడు లోపం, చెవుడు సర్వసాధారణం. వాటివల్ల కూడా మనిషి మందగించినట్టు కనబడతాడు. పంటినొప్పితో అన్నం మానేసినా అల్లరి అనే అనుకుంటాం. నయమయ్యేవాటిని నయం చేయించాక, ఇక నయం కానిదేదో డాక్టరు తేల్చాక, అప్పుడు మాత్రమే నేను చెప్పే ఇల్లు ముందుకు రావాలి.

అటువంటి వైద్యం గడపకు వస్తుందా అని అడుగుతారేమో. కేరళలో వచ్చింది. కోళికోడ్‌లో 1993లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన మిత్రులు మొదలుపెట్టిన పని ఊరూరా ఇరుగుపొరుగువారే వంతులు వేసుకుని నడిపే సేవగా పెరిగింది. 2008లో ఆ రాష్ట్రం దానికొక విధానమే ప్రకటించింది. నొప్పి తగ్గించే మార్ఫిన్ దొరకడానికి అడ్డుగా ఉన్న మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో పార్లమెంటు సడలించింది. తెలంగాణలోనూ ప్రభుత్వ ఆధ్వర్యంలో ఉపశమన చికిత్సా కేంద్రాలు వచ్చాయి. మొదట్లో వచ్చినవాటిలో చేవెళ్ళతోపాటు మన ఆదిలాబాదు కూడా ఉంది. వారి బృందాలు రోగుల ఇళ్ళకు వెళ్ళి పుండ్లు కడుగుతాయి, మందులిస్తాయి. ఆ బృందం వెళ్ళే ఇళ్ళ జాబితాలో వికలాంగుల వసతిగృహం కూడా ఉండాలని నేనడుగుతున్నాను. దీనికి కొత్త భవనాలు కట్టనక్కరలేదు.

చదివిన మిత్రుల్లో ఎవరికైనా ఇలాంటి చోట అన్నో చెల్లెలో మేనత్తో ఉండవచ్చు. ఈసారి వెళ్ళినప్పుడు పళ్ళతోపాటు ఒక నోటుపుస్తకం కూడా తీసుకువెళ్ళండి. వారిని రోజూ చూసుకునే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. నొప్పి వస్తే ఏం చేస్తారు, భయం వేస్తే ఏం చేస్తారు, ఎవరి గొంతు వింటే ఊరుకుంటారు, ఏ వేళకు ఏది కావాలంటారు. మాట వచ్చినవారైతే వారినే అడగండి, జబ్బు ముదిరితే ఎక్కడ ఉండాలనుందని. చిన్న మాటల్లో, బొమ్మలతో, ఒకటికి పదిసార్లు అడిగితే చాలామంది చెప్పగలరు. అడగకుండానే వారికేం తెలుసులే అనుకోవడం మన బద్ధకం. ఆ పుస్తకం వారితోపాటు ఆసుపత్రికి కూడా వెళ్ళాలి. చెవి పట్టుకోవడమంటే నొప్పి అనీ, మూడింటికి లేవడం అల్లరి కాదు బాధ్యత అనీ ఒక పేజీలో రాసి ఉంటే, ఆ నర్సు చేతులు కట్టి ఉండేది కాదేమో. ఒకవేళ కట్టక తప్పకపోయినా, మూడింటికి ఒకసారి విప్పి ఉండేది.

నాకు ఆ తొమ్మిది రోజులూ నోట్లో మాట ఉంది. చదువు ఉంది. లోపలికి వెళ్ళే అనుమతి కూడా ఉంది. అయినా ఖాళీ డబ్బా అడగడానికి సిగ్గుపడ్డాను. ఇది చదివినవారు నాలా సిగ్గుపడవద్దని ఈ నాలుగు మాటలూ రాశాను. కాగితం మీద సంతకం పెట్టేముందు, బయట బెంచీమీద కూర్చున్నదెవరో ఒకసారి చూడండి. ఆమెను అడిగిన తరువాతే పెట్టండి.